సైలస్ సాక్ష్యం

విన్నిపెగ్‌లో అక్టోబరు నుంచి మంచు తప్ప మరో మొహం చూడలేదని, ఇంకో నెల ఎండ తగలకపోతే పిచ్చెక్కేలా ఉందని డయానా జనవరి అంతా ఫోన్లో గోల పెట్టింది. పెర్సిస్ మెత్తబడి, ఫిబ్రవరిలో దోహా వచ్చేయమంది. ఎందుకన్నానురా దేవుడా అని వాళ్లు దిగిన రెండో రోజే తల పట్టుకుంది.

పెర్సిస్‌ది నరసాపురం. దోహా వెస్ట్ బేలో ఒక కంపెనీ ఆఫీసులో పదకొండేళ్లుగా పనిచేస్తోంది. భర్త రాజ్ కిరణ్ గ్యాస్ డ్యూటీ మీద సముద్రంలోకి వెళ్లి వారమైంది. డయానా, సైలస్ భీమవరం కాలేజీలో ఆమెతో కలిసి చదువుకున్నవాళ్లు, అక్కడే ప్రేమించి పెళ్లాడి కెనడాలో స్థిరపడ్డవాళ్లు. పదిహేనేళ్లలో మనుషులు మారతారని ఆమెకు తెలుసు గానీ, ఇంత రోతగా మారతారని తెలియదు.

సైలస్ హాల్లో కూర్చుని కాలి గోళ్లు తీసుకుని, ఆ ముక్కల్ని కార్పెట్ మీదే వదిలేశాడు. డయానా ఒంటికి కొబ్బరినూనె పట్టించుకుని బాల్కనీలో ఎండలో పడుకుని, లేచి అలాగే వచ్చి సోఫా మీద వాలింది. రొయ్యల వేపుడు చేసిపెడితే ఇద్దరూ తలో నాలుగు కొరికి, ఎంగిలి రొయ్యల్ని మళ్లీ గిన్నెలోనే వేశారు. ఏమన్నా అనబోతే సైలస్ దగ్గర ఒకటే మాట ఉంది.

"హాలిడే పెర్సీ! ఎంజాయ్ చెయ్యాలి."

వాళ్లు ఇంట్లో ఉంటే ఇల్లు మిగలదని భయపడి పెర్సిస్ దోహా శివార్లలోని ఉమ్ సలాల్‌లో ఒక తోట బంగళా మూడు రోజులకు తన పేరు మీద తీసుకుంది. చలికాలంలో అక్కడి యజమానులు తోటల్ని ఇలా అద్దెకిస్తారు. ఈత కొలను, ఖర్జూరం చెట్లు, మేకల దొడ్డి ఉన్నాయి. అన్నీ చూసుకోవడానికి గజేందర్ ఉన్నాడు.

గజేందర్‌ది నిర్మల్ దగ్గర సోన్. ఏడేళ్లు ఇండస్ట్రియల్ ఏరియా కూలీల క్యాంపులో పన్నెండు మందితో ఒక గదిలో పడుకుని, ఎండల్లో ఇనుము మోసి, మూడోసారికి డ్రైవింగ్ లైసెన్సు పాసై ఈ తోటలో డ్రైవరు పని సంపాదించాడు. ఇప్పుడు అతనికంటూ ఒక గది, ఆ గదికి ఒక కిటికీ ఉన్నాయి. తెలుగు వినపడగానే మొహం వెలిగిపోయి, "మీది ఏ జిల్లా మేడం?" అని అడిగాడు. పెర్సిస్ చెప్పింది.

"గట్లనా! మా గోదారే మీ దిక్కు వస్తది," అని సంబరపడ్డాడు.

మంగళవారం డయానా తాము తెచ్చుకున్న గాలిపరుపు అతని ముందు పడేసింది. దాని పంపు విన్నిపెగ్‌లోనే మరిచిపోయి వచ్చింది. గజేందర్ మేకలకు మేత వేసి వచ్చి, నేల మీద కూర్చుని ముప్పావుగంట నోటితో ఊదాడు. కళ్లు ఎర్రబడ్డాయి. ఊదడం అవగానే డయానా శానిటైజర్ కాగితం తీసి, అతను చూస్తుండగానే, అతను నోరు పెట్టిన చోటు మూడుసార్లు తుడిచింది. పెర్సిస్ అంతా చూసింది. పదిహేనేళ్ల తర్వాత వచ్చిన స్నేహితులతో గొడవెందుకులే అనుకుంది. ఇలా అనుకోవడం ఆమెకు చిన్నప్పటి నుంచి ఉన్న జబ్బు.

బుధవారం మధ్యాహ్నం సముద్రానికి పోవాలన్నాడు సైలస్. ఉత్తరాన ఫువైరిత్ దగ్గర తీరం బాగుంటుందని ఎవరో చెప్పారట. పెర్సిస్ చిన్న కారు ఆ ఇసకలో నడవదు. తోటలో ఒక పెద్ద పికప్ ఉంది గానీ, మేనేజరు రఫీయుద్దీన్ మాట లేకుండా అది గేటు దాటకూడదు. అది అక్కడి రూలు. గజేందర్ అదే చెప్పాడు.

"నేను ఫోన్ చేశానయ్యా. ఓకే అన్నాడు," అన్నాడు సైలస్.

అతను చెయ్యలేదు. పొద్దుటి నుంచీ కొలనులోనే నానుతున్నాడు, అతని ఫోను పెర్సిస్ పక్కనే చార్జింగులో ఉంది. అది అబద్ధమని ఆమెకు తెలుసు. గజేందర్ ఒకసారి ఆమె వైపు చూశాడు. ఆమె చెప్పుల పట్టీ సరిచేసుకుంది. తోటలో పనివాడికి గెస్టు మాటే ఆర్డరు. అతను తాళంచెవి తెచ్చాడు.

తీరంలో డయానా కుర్చీలు మొయ్యనంది. ఫోటోల్లో బండి కూడా పడాలంది. పికప్ నీళ్ల అంచు దాకా రావాలంది.

"ఈడిదాక నీళ్లస్తయ్ మేడం. సామాను దించి ఎన్కకు తీస్తా," అన్నాడు గజేందర్.

దించడం సగంలో ఉండగానే సైలస్ గాలిపరుపు మీద బోర్లా పడుకుని నీళ్లలోకి పోయాడు. గాలి ఒడ్డు మీద నుంచి సముద్రం వైపు కొడుతోంది. పరుపు కాగితం పడవలా జారిపోయింది. డయానా ఫోన్లో వీడియో తీస్తూ నవ్వుతోంది. సైలస్ చేతులూపితే తనకే అనుకుని తిరిగి ఊపింది. అతను అరుస్తున్నాడని పెర్సిస్‌కు అర్థమయ్యేసరికి పరుపు తిరగబడింది.

గోదావరి కొసన పుట్టిన పెర్సిస్‌కు ఈత రాదు. గజేందర్ చొక్కా విప్పి పడేసి బనియనుతో పరుగెత్తాడు. అతను సైలస్‌ను జుట్టు పట్టి, తర్వాత జబ్బ పట్టి, ఈదుతూ ఆగుతూ, గాలికి అడ్డంపడి చాలా దూరం కిందికి కొట్టుకుపోయి ఎక్కడో ఒడ్డెక్కేసరికి గంట దాటింది. తాళంచెవి అతని ప్యాంటు జేబులో ఉండి సముద్రం పాలైంది. నీళ్లు పెరిగి పికప్ ఇంజను దాకా మునిగింది. పెర్సిస్ కన్నార్పకుండా చూస్తూ నిలబడటం తప్ప ఏమీ చెయ్యలేకపోయింది.

తువాళ్లు మూడున్నాయి. మూడూ డయానా సైలస్‌కు చుట్టింది. గజేందర్ వణుకుతూ ఇసకలో కూర్చుంటే, పెర్సిస్ తన చున్నీ ఇచ్చింది. అతను వద్దన్నాడు.

పెర్సిస్ ఫోన్ చేస్తే రఫీయుద్దీన్ ఇంకో బండిలో వచ్చాడు. హైదరాబాదు మనిషి, చెడ్డవాడు కాదు. కానీ పికప్ చూసి అతని మొహం నల్లబడింది. సైలస్ బండెక్కి కళ్లు మూసుకున్నాడు. షాకులో ఉన్నాడు, ఇప్పుడేమీ అడగొద్దని డయానా అడ్డుపడింది.

"ఎవరికి చెప్పి తీసినవ్ రా?" అన్నాడు రఫీయుద్దీన్.

గజేందర్ సైలస్ వైపు చూశాడు. ఆ కళ్లు తెరుచుకోలేదు.

"సరే. శుక్రవారం సాయంత్రం అసర్ నమాజ్ అయినంక అర్బాబ్ వస్తడు. దొంగతనంగ బండి తీసినవని ఆయనకు చెప్పాలె. శనివారం నీకు టికెటే. మళ్లీ ఈ దేశం మొహం చూడవ్," అన్నాడు. అర్బాబ్ అంటే తోట యజమాని.

ఆ సాయంత్రం బంగళాలో సైలస్ గజేందర్ రెండు చేతులూ పట్టుకుని భోరున ఏడ్చాడు. "నా ప్రాణం నిలబెట్టావు తమ్ముడూ! శుక్రవారం చర్చిలో అందరి ముందూ నీ సంగతి చెప్తాను. అట్నుంచి అటే వచ్చి మీ మేనేజరుకు చెప్తాను. దేవుడి మీద ఒట్టు," అన్నాడు. గజేందర్ నమ్మాడు. ఆ తర్వాత రఫీయుద్దీన్ ఎన్నిసార్లు అడిగినా అతను నోరెత్తలేదు. దేవుని ముందర చెప్తానన్న మనిషిని మధ్యలో తాను బయటపెట్టడం మర్యాద కాదనుకున్నాడు.

గురువారం ఇంటికొచ్చాక సైలస్ రోజంతా ఫోన్లో వెతికాడు.

"బండి సంగతిలో కేసైతే ఎయిర్‌పోర్టులో ఆపేస్తారంట పెర్సీ. శనివారం ఫ్లైటు మాది."

"ఒక్క మాట చెప్పడానికి కేసేంటి సైలస్? ఫోన్ చేశానని అబద్ధం చెప్పానని ఒప్పుకో, చాలు."

"చూద్దాం. ప్రార్థన చేస్తున్నాను కదా," అన్నాడు, చికెన్ ఎముక చీకుతూ. నిన్న చావు నోట్లోంచి వచ్చిన మనిషి మూడోసారి బిర్యానీ వడ్డించుకున్నాడు. ఆ చప్పరింపు వినలేక పెర్సిస్ వంటింట్లోకి పోయి కుళాయి తిప్పి నిలబడింది.

దోహాలో ఆదివారం ఆఫీసులుంటాయి కాబట్టి తెలుగువాళ్ల ఆరాధన శుక్రవారమే. పాటలయ్యాక సాక్ష్యాల సమయం వచ్చింది. ఎవరికి దేవుడు ఏ మేలు చేశాడో వాళ్లు లేచి నలుగురి ముందూ చెప్పాలి. దూరం నుంచి వచ్చిన చుట్టాలకు మొదటి అవకాశం ఇస్తారు. సత్యవేదం పాస్టర్ గారు సైలస్‌ను పిలిచి మైకు చేతికిచ్చారు. పెర్సిస్ గట్టిగా ఊపిరి తీసుకుంది. పోనీలే, చెప్పేస్తాడు, వీణ్ణి అనవసరంగా అసహ్యించుకున్నాను అనుకుంది.

"దైవజనమా, అందరికీ వందనాలు," అని మొదలుపెట్టాడు సైలస్. "గాలి నన్ను లాక్కుపోతోంది. చేతులు చచ్చుబడ్డాయి. ప్రభువా అని ఒక్క కేక వేశాను! అంతే. నీళ్ల మీద తెల్లగా ఒక రూపం వచ్చింది. మనిషి కాదండీ. మనిషికి ఆ బలమెక్కడిది? ఆ చెయ్యి నన్ను పట్టింది. కళ్లు తెరిచేసరికి ఒడ్డున ఉన్నాను. నా తండ్రి నాకోసం తన దూతను పంపాడు!"

హాలంతా హల్లెలూయ అంది. వెనక బెంచీలో ఒకావిడ కళ్లు ఒత్తుకుంది. డయానా చేతులు పైకెత్తి ఊగుతోంది. తెల్లగా కనిపించింది గజేందర్ బనియను. గోళ్ల ముక్కలు, ఎంగిలి రొయ్యలు, శానిటైజర్ కాగితం, ఇవేవీ ఇంత అసహ్యం కావనిపించింది పెర్సిస్‌కు. ఒక మనిషి పొట్ట కొట్టడానికి వీడు దేవుణ్ణి అడ్డం పెట్టుకున్నాడు.

ఆమె లేచి నిలబడింది. ఇంతవరకూ సభలో ఎప్పుడూ లేవలేదు.

"ఆ దూత పేరు గజేందర్ అండి! ఉమ్ సలాల్‌లో డ్రైవరు. ఈయన చెప్పిన అబద్ధానికి రేపు అతన్ని ఇంటికి పంపేస్తున్నారు."

పాస్టర్ గారు సైలస్‌ను చూశారు, ఆమెను చూశారు. "అమ్మా, అవి తర్వాత మాట్లాడుకుందాం," అని పాట ఎత్తుకున్నారు. మూడు వందల గొంతులు కలిశాయి. పెర్సిస్ ఇంకేదో అంది గానీ, ఆమెకే వినపడలేదు.

బయట భోజనం పొట్లాల వరసలో జనం సైలస్ చెయ్యి ఊపుతున్నారు. ఆమె వెళ్లి అతని మోచెయ్యి పట్టుకుంది.

"పద. ఉమ్ సలాల్ పోదాం. ఒట్టేశావు."

"దేవుడికి చెందాల్సిన మహిమ మనిషికి ఇవ్వకూడదు పెర్సీ," అన్నాడు మెల్లగా, ఎవరైనా వింటారేమోనని నవ్వు మొహం పెట్టి.

"ఛీ!" అంది పెర్సిస్. వరసలో వాళ్లంతా తిరిగి చూశారు. "ఇంటి తాళం డయానా దగ్గరుంది. నేనొచ్చేసరికి మీ పెట్టెలు అక్కడ ఉండకూడదు. ఏదైనా హోటల్లో ఎంజాయ్ చెయ్యండి."

ఉమ్ సలాల్ చేరేసరికి అసర్ కాలేదు. రఫీయుద్దీన్ ఆఫీసు గదిలో ఒక్కడే ఉన్నాడు. పెర్సిస్ నిలబడే మొత్తం చెప్పింది. ఫోన్ అబద్ధమని తనకు అప్పుడే తెలుసని కూడా చెప్పింది. అతను కాగితం ముందుకు జరిపాడు.

"రాసియ్యండి మేడం. కానీ బుకింగ్ మీ పేరు మీదుంది. రాసినంక ఆ బండి మీ నెత్తి మీద పడ్తది. సోచ్‌కే రాయండి."

"ఆలోచించే వచ్చాను," అని రాసి సంతకం పెట్టింది. అర్బాబ్ వచ్చాడు. ఇద్దరూ పికప్ చుట్టూ తిరుగుతూ అరబ్బీలో చాలాసేపు మాట్లాడుకున్నారు. అర్బాబ్ రెండుసార్లు కాగితం వైపు, ఒకసారి ఆమె వైపు చూశాడు. అతను పోయాక రఫీయుద్దీన్ లోపలికొచ్చి, "ఖలాస్, అయిపోయింది. గజేందర్‌ను ఉండమన్నడు. బండి రిపేరు ఖర్చు మీదే," అన్నాడు. ఆ మాట గజేందర్‌కు తానే చెప్తానంది పెర్సిస్.

గజేందర్ గది ముందు అరుగు మీద సర్దిన సంచితో కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి లేచాడు. ఆమె వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని గేటు దాకా చూశాడు.

"మీ పని పోలేదు గజేందర్. ఉండమన్నారు."

అతను కళ్లు మూసుకుని తెరిచాడు. "సార్ చెప్పిండా మేడం? చర్చిల?"

అబద్ధం చెప్తే ఈ మనిషి సంతోషపడతాడని ఆమెకు తోచింది. అబద్ధాలంటే అప్పటికే వెగటు పుట్టి ఉంది.

"చెప్పాడు. దేవదూత వచ్చి కాపాడాడని చెప్పాడు."

గజేందర్ నవ్వబోయాడు. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"మనిషి పట్టుకొచ్చిండని చెప్పనీకి నోరు రాలేదా మేడం ఆయనకు?"

"నాకూ రాలేదు," అంది పెర్సిస్. "ఆ రోజు మీరు నా వైపు చూశారు కదా. సైలస్ ఫోన్ చెయ్యలేదని నాకు అప్పుడే తెలుసు."

అతను ఆమెను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

"తెలుసా?" అన్నాడు.

ఆమె తల ఊపింది. గజేందర్ సంచి తీసుకుని గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు.