ప్రసంగంలోని పాప

శనివారం మధ్యాహ్నం చర్చి కడగడం నా పని. దానికి జీతం లేదు, పేరూ లేదు. పెళ్లితో పాటు వచ్చింది, అంతే. బెంచీలు తుడుస్తాను, బల్ల మీద తెల్లగుడ్డ మారుస్తాను, మర్నాటి ఆరాధనలో ద్రాక్షరసం పోసే చిన్న గాజు కప్పులన్నీ వేడినీళ్లలో కడిగి బోర్లిస్తాను. ఆదివారం పొద్దున్న అవన్నీ తళతళలాడుతుంటే సంఘపెద్దలు నా భర్తతో, "అయ్యగారూ, మందిరం ఎంత శుభ్రంగా ఉంచారండీ" అంటారు. ఆయన వినయంగా తల వంచి, "అంతా దేవుని కృప" అంటారు. దేవుని కృపకు మోకాళ్ల నొప్పులు ఉండవు. నాకున్నాయి.

నన్నందరూ అమ్మగారూ అని పిలుస్తారు. పాస్టరు భార్యగా ఉండడం ఒక ఉద్యోగమైతే దానికి పని వేళలు ఎవరూ పెట్టలేదు. పాటలకు కీబోర్డు వాయించాలి, ఆదివారపు బడిలో పిల్లల్ని పట్టుకోవాలి, వేళ కాని వేళ వచ్చినవాళ్లకు టీ పెట్టి వాళ్ల గోడు వినాలి. నా గోడు మాత్రం ఎవరితోనూ అనకూడదు. పాస్టరమ్మ ఏడిస్తే సంఘానికి విశ్వాసం సడలుతుందని మా అత్తగారి సిద్ధాంతం. ఇవన్నీ చాలవన్నట్టు ప్రసంగాలకు ముడిసరుకు కూడా నేనే. శనివారం సాయంత్రం ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "ఈ వారం ఇంట్లో ఏమైనా జరిగిందా?" అని అడుగుతారు. కూర మాడిందనో, అత్తగారి మీద విసుక్కున్నాననో చెబితే మర్నాడది వేదిక ఎక్కుతుంది. "మా ఇంటావిడకు కోపం ముక్కు మీదే ఉంటుందండీ. వాక్యమే ఆమెను మెత్తబరిచింది" అంటారు. సంఘమంతా నవ్వుతుంది. కీబోర్డు ముందు కూర్చుని నేనూ నవ్వుతాను. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, నా కోపాలూ నా జ్వరాలూ నా తెలివితక్కువ పనులూ అన్నీ ఆయనే అందరికీ పంచిపెట్టారు.

పంచనిది ఒక్కటి మిగిలింది. చర్చి కడిగేటప్పుడు అక్కడ ఎవరూ ఉండరు. తలుపు వేసుకుని దేవుడితో మాట్లాడతాను. మాట్లాడతాను అంటే చేతులు కట్టుకుని మర్యాదగా కాదు, పోట్లాడతాను. దేవుడితో నాకు పేచీ ఉంది గానీ విడాకులు లేవు. అరిచి అరిచి గొంతు ఎండిపోయాక కూడా కడగాల్సిన కప్పులు మిగిలే ఉంటాయి. వాటిని కడుగుతుంటే లోపల ఏదో మెల్లగా సర్దుకుంటుంది. జవాబు ఎప్పుడూ రాలేదు. కానీ విసుక్కోకుండా, మధ్యలో అడ్డు తగలకుండా, నా మాట చివరిదాకా విన్నవాడు ఒకడున్నాడన్న నెమ్మది వస్తుంది. మనశ్శాంతి అని అందరూ అనేది అదేనేమో నాకు తెలియదు. దాంతోనే వారమంతా నెట్టుకొస్తాను.

పేచీ మా పాప గురించి. బతికుంటే ఈపాటికి నా భుజం దాకా ఎదిగి ఉండేది. నెలలు నిండకుండానే నొప్పులు వచ్చాయి, పాప కదలకుండా పుట్టింది. మత్తు దిగి నేను కళ్లు తెరిచేసరికి పక్కన ఏమీ లేదు. ఆడపిల్ల అని నర్సు చెప్పింది. "అంతా అయిపోయింది. పాతిపెట్టి వచ్చాను. నువ్వు చూస్తే తట్టుకోలేవు" అన్నారు ఆయన. నేను తట్టుకోగలనో లేదో నన్నెవరూ అడగలేదు. పరామర్శకు వచ్చినవాళ్లకు అత్తగారు నాతోనే టీలు పెట్టించారు. "కళ్లు తుడుచుకో అమ్మాయ్. నువ్వే ఇలా కూలబడితే వాళ్లకు ధైర్యం ఎవరు చెబుతారు?" అన్నారు. కీబోర్డు వాయించడం ఇంకెవరికీ రాదు కాబట్టి ఆ ఆదివారమే నన్ను కూర్చోబెట్టారు. పాలు ఊరి బట్టలు తడిసిపోతుంటే నేను పాటలు వాయించాను. ఆ రోజు ఆయన ప్రసంగం ఆనందం గురించి. తర్వాత మాకు మళ్లీ పిల్లలు కలగలేదు. పాప మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

అందుకే దేవుణ్ణి అడిగేదాన్ని. పాప ఎలా ఉందో చెప్పు. ఎవరి పోలిక? చామనచాయా, తెలుపా? నువ్వు చూశావు, మా ఆయన చూశారు, మోసిన నేనొక్కదాన్నే చూడలేదు. ఆయన నాకు చూపించలేదు, నువ్వు చూస్తూ ఊరుకున్నావు. ఎన్నో శనివారాలు ఇవే మాటలు.

ఆ శనివారం చర్చిలో నేను ఒంటరిగా లేను. పసిపిల్లల్ని ఎత్తుకున్న తల్లులు కూర్చోవడానికి వెనక వైపు అద్దాల గది ఒకటి ఉంది. పిల్లలు ఏడ్చినా బయటికి వినపడదు. లోపలివాళ్లకు ప్రసంగం వినపడేలా ఒక చిన్న స్పీకరు పెట్టారు. అది గరగరమంటోందని ఆయన అందులో నాకు కనపడకుండా నేల మీద కూర్చుని బాగుచేస్తున్నారు. పెద్ద స్పీకర్లన్నీ కట్టేసి, దీన్ని పరీక్షించడానికి వేదిక మీది మైకు మాత్రం తెరిచి ఉంచారు. నేను ఆ మైకు ముందు నిలబడి, దాని కింది బల్ల తుడుస్తూ, గొంతెత్తి దేవుణ్ణి కడిగేశాను. మొత్తం ఆయన విన్నారు. లేచి తలుపు తీసి, నేనిక్కడున్నానని చెప్పడానికి నాలుగు అడుగులు కూడా లేవు. వెయ్యలేదు.

మర్నాడు ఆయన 'అనుదిన జీవితంలో మనశ్శాంతి' అని మొదలుపెట్టారు. నేను మామూలుగా కీబోర్డు దగ్గర ఉన్నాను. మాడిన కూర వస్తుందనుకున్నాను. పాప వచ్చింది. "తలనిండా జుట్టు. ముక్కు అచ్చం తల్లిదే. నేనే తీసుకెళ్లి ఆమె చేతుల్లో పెట్టాను. ఆమె ముద్దు పెట్టుకుని, నీ బిడ్డ నీ దగ్గరే ఉండనీ ప్రభువా, అంది. అంతే. ఆ రోజు నుంచి ఒక్క సణుగుడు లేదు. నిన్న కూడా ఇదే చోట నిలబడి ఆ బిడ్డ కోసం దేవుణ్ణి స్తుతిస్తుంటే నా చెవులారా విన్నాను" అన్నారు. నా చెయ్యి కీబోర్డు మీద పడి వికారమైన మోత వచ్చింది. పరిశుద్ధాత్మ కదిలిందనుకున్నాడో ఏమో, ముందు వరసలో ఒకాయన ఆమేన్ అన్నాడు. ఆడవాళ్లు వెక్కి వెక్కి ఏడ్చారు. ఆరాధన అయ్యాక వరసగా వచ్చి నన్ను కౌగిలించుకున్నారు.

ఇంటికి వచ్చాక అడిగాను. "నాకు చూపించలేదు కదండీ మీరు."

"నువ్వు అడిగిన తీరు అలాగే చెబితే జనం ఏమనుకుంటారు? దేవుడి మీద అరిచేదాన్ని పెట్టుకుని నేను శాంతి గురించి బోధించాలా? అది ప్రసంగం. కాస్త ఉప్పూ కారం ఉంటాయి. ఎంతమందికి ఓదార్పు కలిగిందో చూశావు కదా" అన్నారు ఆయన.

"చాటుగా వినడం తప్పు కాదా?"

"చాటుగా ఎక్కడ? దేవుడే వినిపించాడు."

మా అత్తగారు పక్క గదిలోంచి, "ఎప్పుడో పోయిన దాని గురించి ఇప్పుడు రచ్చ ఎందుకు?" అన్నారు. అంతటితో విచారణ ముగిసింది.

మరుసటి శనివారం చర్చికి వెళ్లి నోరు విప్పలేకపోయాను. గోడలకు చెవులుంటాయని సామెతగానే విన్నాను, ఇప్పుడు ప్రతి మూలా చూసుకోవలసి వచ్చింది. కప్పులు కడిగి బోర్లించి వచ్చేశాను. వారమంతా ఒంట్లో ఏదో మండుతూనే ఉంది. ఆయన నా దుఃఖాన్ని దొంగిలించినందుకు ఒక మంట, తన తప్పు కప్పుకోవడానికి దాన్నే గుడ్డలా వాడుకున్నందుకు రెండో మంట.

కానీ ఒక మాట ఉంది, అది సిగ్గు విడిచి చెప్పాలి. తలనిండా జుట్టు, అన్నారు. ముక్కు నాది, అన్నారు. ఇన్నేళ్లలో మా పాప గురించి నాకు దొరికినవి ఆ రెండు మాటలే. ప్రసంగాన్ని అసహ్యించుకుంటూనే ఆ రెండిటినీ మూట కట్టుకున్నాను. గిన్నెలు తోముతూ పాపకు తల దువ్వాను, నడిమి పాపిడి తీశాను. అద్దంలో నా ముక్కు వైపు చాలాసేపు చూసుకున్నాను. ఆయన మీద ఎంత కోపంగా ఉన్నా, పక్కన కూర్చుని ఇంకొక్కటి, ఇంకొక్క గుర్తు చెప్పమని బతిమాలాలని ఉండేది.

ఈలోగా ప్రసంగం పేరు మోసింది. పట్నంలోని పెద్ద సంఘంవాళ్లు తమ ప్రార్థన కూడికలో అదే చెప్పమని పిలిచారు. అమ్మగారిని కూడా వేదిక మీదికి తీసుకురమ్మన్నారు. అక్కడ పాస్టరు పదవి ఖాళీగా ఉంది. ఆ పిలుపు కోసం ఆయన ఎన్నాళ్లుగా కాచుకుని ఉన్నారో నాకు తెలుసు. "వాడికి ఇన్నాళ్లకు మంచిరోజు వచ్చింది. నువ్వు పక్కన నిలబడి తల ఊపితే చాలు. ఆ మాత్రానికి నీకేం అరిగిపోదు" అన్నారు అత్తగారు. నేను అవుననలేదు, కాదనలేదు. నేను మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టే ఆ ఇంట్లో.

ఆ వారంలోనే మా సంఘంలో బట్టలు కుట్టే ఆవిడ వంటింటి గుమ్మంలో వచ్చి నిలబడింది. కిందటేడు కాన్పులో ఆవిడ బిడ్డ పోయింది. "అయ్యగారి ప్రసంగం విన్నప్పటి నుంచి నిద్ర పట్టట్లేదమ్మగారూ. మీరు ముద్దు పెట్టి దేవుడికి ఇచ్చేశారు. నేనింకా ఆయన్ని తిడుతూనే ఉన్నాను. నాకు విశ్వాసం లేదా?"

"తిట్టు. తిట్టడానికైనా ఆయన దగ్గరికే వెళుతున్నావు కదా" అన్నాను.

ఆవిడ చాలాసేపు ఏడ్చి, టీ తాగి, తేలికపడినట్టు లేచింది. గుమ్మం దగ్గర ఆగి, "నా బిడ్డను నాకు చూపించలేదమ్మగారూ. మీరు చూసుకున్నారు, అదృష్టవంతులు" అని వెళ్లిపోయింది. పిలిచి నిజం చెప్పేలోపు వీధి మలుపు తిరిగేసింది.

కూడిక రోజు మధ్యాహ్నం ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. ఆయన అద్దం ముందు నిలబడి ప్రసంగం అప్పజెప్పుకుంటున్నారు. ఈసారి జుట్టూ ముక్కూతో పాటు వేళ్లు కూడా వచ్చాయి. పొడుగాటి వేళ్లట. నా చెయ్యి ఆగిపోయింది. ఎంత కోపమున్నా ఆశ ఊరుకోదు.

"కళ్లండీ? కళ్లు ఎలా ఉన్నాయి?" అని అడిగాను.

ఆయన అద్దంలోంచే నా వైపు చూశారు. "తెరిచి ఉన్నాయంటే బాగుంటుందా, మూసుకున్నాయంటే బాగుంటుందా? ఏమంటావు?" అన్నారు.

ఇస్త్రీపెట్టెను పక్కన నిలబెట్టాను. "మీరు చూశారా అసలు?"

ఆయన చొక్కా కోసం చెయ్యి చాపారు. నేను ఇవ్వలేదు. మళ్లీ అడిగాను. అప్పుడు మంచం అంచున కూర్చుని, వేదిక మీద ఎప్పుడూ వినపడని గొంతుతో, "గుడ్డలో చుట్టి ఇచ్చారు. విప్పలేకపోయాను. భయమేసింది" అన్నారు.

ఇన్నాళ్లూ నేను దువ్విన తల లేదు. ఎవరూ చూడకుండానే మా పాప మట్టిలోకి వెళ్లింది. అంత దుఃఖంలోనూ ఆయన మీద జాలి వేసింది, అది నిజం. ఆ మాట ఆ రోజే ఆస్పత్రిలో నాతో చెప్పి ఉంటే ఇద్దరం పట్టుకుని ఏడ్చేవాళ్లం. నాకు తట్టుకునే శక్తి లేదని పేరు పెట్టి తన భయాన్ని దాచుకున్నారు. ఇన్ని శనివారాలు దేవుణ్ణి తిట్టిన తిట్లలో సగం ఆ దేవుడికి చెందినవి కావు. ఆ సంగతి మనసులోనే దేవుడికి చెప్పుకున్నాను. ఎవరైనా వింటారేమోనని ఆ చెప్పుకోవడంలో భయం లేదు.

"ఇవాళ అదే చెప్పండి" అన్నాను. "విప్పలేకపోయాను, భయమేసింది అని చెప్పండి. మీ పక్కనే నిలబడతాను, చెయ్యి పట్టుకోమంటే పట్టుకుంటాను. పాపను నా చేతుల్లో పెట్టానని మాత్రం అనకండి. అంటే, నేను లేచి లేదని చెబుతాను."

"మతి పోయిందా నీకు? అక్కడ ఎవరెవరు వస్తారో తెలుసా?"

"తెలుసు. పిల్లలు పోయిన ఆడవాళ్లు వస్తారు."

"ఇదేనా నువ్వు నేర్చుకున్న శాంతి?"

"ఇస్త్రీ అయింది, వేసుకోండి" అన్నాను.

పెద్ద సంఘం హాలు కిక్కిరిసి ఉంది. వేదిక మీద ఆయన పక్కన నాకోసం వేసిన కుర్చీలో కూర్చోలేదు. కిందికి వెళ్లి, మా సంఘంవాళ్లతో వచ్చిన బట్టలు కుట్టే ఆవిడ పక్కన కూర్చున్నాను. "ఇక్కడెందుకమ్మగారూ" అని ఆవిడ గాభరాపడింది. అత్తగారు రెండు వరసల ముందు నుంచి వెనక్కి తిరిగి కళ్లు ఉరిమారు. ఆయన బాగా మాట్లాడారు, ఎప్పుడూ బాగానే మాట్లాడతారు. పాప దగ్గరికి వచ్చేసరికి ఆగి, మొహం తుడుచుకుని, జనంలో నన్ను వెతికి పట్టుకున్నారు. ప్రభువా, ఆ ఒక్క మాట ఆయన నోట పలికించు అని ప్రార్థించాను. ఆయన మీద కక్షతో కాదు, నిజంగానే ఆయన కోసమే అడిగాను. ఆయన పెదవులు ఒకసారి కదిలి ఆగాయి. పెద్దమనుషులు కూర్చున్న వరస వైపు ఆయన చూపు వెళ్లింది.

"ఆ బిడ్డను నేనే నా చేతులతో తల్లి ఒడిలో పెట్టాను" అన్నారు.

నేను లేచి నిలబడి, "లేదండీ" అన్నాను.