తిత్తి తొక్కే కాలు

తెల్లవారినా మబ్బు వీడలేదు. వానా పడేలా లేదు, ఎండా వచ్చేలా లేదు. కమ్మరి కొలిమి ముందు పీట మీద కూర్చుని కుడికాలు చాపుకున్నాడు. కట్టు విప్పి, కాలిన ఇనుము ముంచే తొట్టిలోంచి చెంబుడు నీళ్లు తీసి పుండు మీద పోశాడు.

మోకాలి కింద జానెడు మేర పాత మచ్చ. ఇరవయ్యో ఏట ఎర్రగా కాలిన ఇనుప ముక్క జారిపడ్డ చోటు. అప్పుడూ ఈ నీళ్లే పోశాడు, మానింది. నలభై ఏళ్లుగా అక్కడ వెంట్రుక మొలవలేదు. నిప్పు సెగకు చర్మం బిగుసుకునేది, చిట్లేది, మళ్లీ అతుక్కునేది. రెండేళ్ల కిందట చిట్లింది మాత్రం అతుక్కోలేదు. అంచులు గట్టిపడి పైకి లేచాయి.

"మళ్లీ ఆ నీళ్లేనా?" గుమ్మంలోంచి భార్య అంది. "పాత మచ్చలో కాన్సర్ పుట్టిందని డాక్టరు చెప్పి నాలుగు నెలలైంది. కాలు తీసేస్తే బతుకుతావన్నాడు కదయ్యా."

"తీసేస్తే కొలిమికి గాలి కొట్టే తిత్తెవరు తొక్కుతారు? నీ తమ్ముడా? వాడికి సమ్మెట ఎత్తడమే వచ్చు."

బావమరిది సమ్మెట దించాడు. "బావా, ఆ నీళ్లు అంత మందైతే సీసాల్లో పోసి అమ్ముకుందాం. నా నడుమైనా మిగులుతుంది."

కమ్మరి నవ్వాడు. పార రేకు నిప్పులో పెట్టి తిత్తి మీద కాలు వేశాడు. నాలుగు తొక్కులకే కాలు వణికింది. నిప్పు రాజుకోలేదు. రేకు నల్లగానే ఉంది. దాన్ని చాలాసేపు చూశాడు.

"పదవే. తీయించుకుంటా."

ఆస్పత్రిలో డాక్టరు పుండు కన్నా గజ్జల్లోనే ఎక్కువసేపు తడిమాడు.

"ఈ గడ్డ ఎప్పట్నుంచి?"

"పుండుంటే బిళ్ల కట్టడం మామూలేగా బాబూ."

ఛాతీకి ఎక్స్‌రే ఫొటో తీయించారు. జబ్బు ఊపిరితిత్తుల దాకా పాకింది. "ఇప్పుడు కాలు తీసినా లాభం లేదు పెద్దాయనా," అన్నాడు డాక్టరు మెల్లగా.

కమ్మరి కట్టు తనే కట్టుకున్నాడు. "అయితే ఉండనీండి."

ఇంటి ముందు బండి ఆగేసరికి బావమరిది గుమ్మంలో ఉన్నాడు. బావ రెండు కాళ్లతో దిగడం చూసి, చేతిలోది వీపు వెనక దాచాడు.

"ఏంట్రా అది?"

"ఏం లేదు బావా."

"ఇటివ్వు."

ఇనుప గొట్టం వంచి చేసిన చంకకర్ర. పైన గుడ్డ చుట్టాడు, కింద రబ్బరు తొడిగాడు. కమ్మరి దాన్ని చంకలో పెట్టుకుని నిలబడి చూశాడు.

"కొలత భలే కుదిరిందిరా. ఎప్పుడు కొలిచావు?"

"కొలవడమేంటి బావా? ముప్పై ఏళ్లు నీ ఎదురుగానే నిలబడ్డాగా."

భార్య ముఖం తిప్పుకుంది.

నెల తిరగకముందే ఒక మధ్యాహ్నం, అదే పీట మీద గోడకు ఒరిగి, కమ్మరి ఎవరినీ పిలవకుండా పోయాడు.

మర్నాడు అన్నీ ముగిశాక అక్కాతమ్ముళ్లు వంటింట్లో ఎదురెదురుగా కూర్చుని అన్నం తిన్నారు. ఆమె ఇంకొంచెం వడ్డించింది, అతను వద్దనలేదు. తలుపు వారన చంకకర్ర నిలబడి ఉంది. రబ్బరు తొడుగు కొత్తగానే ఉంది, ఒక్క అంచున మాత్రం కాస్త కొలిమి మసి.