ఓపిక అయిపోయాక వచ్చిన సీటు

ఆసుపత్రి స్టాపులో బస్సు ఆగగానే భార్య ఎక్కడం డ్రైవరు అద్దంలో చూశాడు. ఆమెది అంబులెన్సులో ఉద్యోగం. రాత్రి డ్యూటీ దిగి, అతని పొద్దుటి ట్రిప్పులో ఇంటికి పోవడం అలవాటు. వచ్చి అతని వెనక సీట్లో కూలబడింది.

"సీటొచ్చిందండీ," అంది.

"కూర్చున్నావుగా," అన్నాడు, గేరు మారుస్తూ.

"ఆ సీటు కాదు. కాలేజీలో."

రెండేళ్ళ ఫిజిషియన్ అసిస్టెంట్ చదువు. డాక్టరు అజమాయిషీలో రోగిని పరీక్షించి, మందులు రాసే పని. "డాక్టరుకి తక్కువా, నర్సుకి ఎక్కువా?" అని అడిగిన చుట్టాలందరికీ అలా కాదని చెప్పి చెప్పి అతని నోరు నొప్పెట్టింది. ఆమె మూడుసార్లు దరఖాస్తు పెడితే మూడుసార్లూ కాదన్నారు. చివరిసారి పుస్తకాలన్నీ అట్టపెట్టెలో కుక్కి మంచం కిందకి తోసేసింది. హమ్మయ్య, ఈ గోల వదిలిందని అతను లోలోపల అనుకున్న మాట నిజం. మళ్ళీ పెట్టిందని తెలియనే తెలియదు.

సంతోషించాల్సిన చోట అతని నోట్లోంచి ఊడిపడింది ఒక్కటే మాట.

"మళ్ళీనా?"

కాసేపటికి అద్దంలో చూస్తే, ఆమె కిటికీకి తల ఆనించి నోరు తెరుచుకుని నిద్రపోతోంది. యూనిఫాం భుజం మీద ఏదో మరక ఎండిపోయి ఉంది. ఇంటి స్టాపు వచ్చినా లేపడానికి అతనికి మనసొప్పలేదు. తప్పు మాట అన్నవాడికి వెనక్కి తిరిగి చూసే వీలు కూడా లేకపోవడం ఎంత నరకమో ఆ దారి పొడుగునా తెలిసొచ్చింది.

చివరి స్టాపులో జనమంతా దిగిపోయాక రెండు టీలు పట్టుకొచ్చి ఆమెను తట్టాడు.

"ఇల్లు దాటిపోయిందా?" అంది కళ్ళు నులుముకుంటూ.

"తిరుగు ట్రిప్పులో దింపుతాలే. ఇందాక నేనన్న మాట..."

"పోనీలెండి. ఫోన్లో కబురు చూడగానే నాకూ 'మళ్ళీనా' అనే అనిపించింది." టీ చేతిలో పట్టుకుందే గానీ తాగలేదు. "మొదటిసారే వచ్చుంటే ఎగిరి గంతేసేదాన్ని. ఇప్పుడు సంతోషించడానిక్కూడా ఓపిక లేదు. వద్దని చెప్పేద్దామా అనుకుంటూనే డ్యూటీ చేశాను."

"మరి మళ్ళీ దరఖాస్తు ఎందుకు పెట్టావే?"

ఆమె టీ గ్లాసు పక్కన పెట్టింది. "రాత్రి ఒకాయన్ని మెట్ల మీంచి మోసుకొచ్చాం. దారంతా నా చెయ్యి వదల్లేదు. ఆసుపత్రి గుమ్మం దగ్గర అప్పగించేసి వచ్చేశాం. బతికాడో లేదో నాకెవరు చెప్తారు? ఇన్నేళ్ళూ అందర్నీ గుమ్మం దాకా తీసుకెళ్ళి వదిలెయ్యడమే అయిందండీ. ఒక్కరి వెంటైనా లోపలికి వెళ్ళాలని."

అతను టీ రెండు గుక్కల్లో తాగేసి, మీసం తుడుచుకున్నాడు.

"నేను మధ్యాహ్నం డ్యూటీకి మారిపోతా. పొద్దున్నే పాపని తయారుచేసి బళ్ళో దింపడం నా వంతు."

"పొద్దుటి డ్యూటీ కోసం మీరు ఎంతమంది కాళ్ళావేళ్ళా పడ్డారు! వచ్చి ఏడాదైనా కాలేదు."

"వచ్చినట్టే పోతుంది. పాపకి జడ వెయ్యడం ఒక్కటి నేర్పు. అది నా వల్ల కాదు."

ఆమె నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఏడుపైంది. ఆ ఏడుపుకీ ఓపిక చాలక తొందరగానే ఆగిపోయింది. ముక్కు తుడుచుకుని, ఫోన్ తీసి, వస్తానని కాలేజీకి జవాబు పంపింది.

మధ్యాహ్నం అతను ఇల్లు చేరేసరికి ఆమె ఇంకా నిద్రలోనే ఉంది. వంటింట్లో ఉన్న తల్లికి సంగతంతా చెప్పి, "అమ్మా, అది డాక్టరు చదువు కాదు, అలాగని నర్సు..." అని మొదలుపెట్టాడు.

"తెలుసు లేరా, చెప్పి చంపకు," అందావిడ మోకాళ్ళు రాసుకుంటూ. "ఇంకో రెండేళ్ళు మొరాయించొద్దని వీటికి చెప్పుకుంటాలే. గొంతు తగ్గించు, కోడలు పిల్ల లేస్తుంది."