మూతకు పట్టిన చెమట

సముద్రం మీదికి వెళ్ళినవాడి కోసం ఇంట్లో పూటపూటా భోజనం వడ్డించి ఉంచడం ఆ రేవు ఆడవాళ్ళకు అలవాటు. కాసేపాగి చారు గిన్నె మూత తీసి చూస్తారు. లోపల చెమట పట్టి ఉంటే మనిషి క్షేమం. పొడిగా ఉంటే ఏమిటో ఎవరూ పైకి అనరు. వేడి చారు మీది మూతకు చెమట పట్టడమూ ఒక వింతేనా అని నవ్వేవాళ్ళుంటారు. కొడుకును పడవెక్కించి అప్పుడు నవ్వమనండి.

కినుయే కొడుకు రియోసుకే ఎక్కిన చేపల పడవ నుంచి తుఫాను తర్వాత కబురు లేదు. కోడలు చిగుసా రోజూ మూత తీసి, "పట్టింది అత్తయ్యా, నిండా పట్టింది" అంటుంది. కినుయే కళ్ళకు పొరలు కమ్మాయి, అంత చిన్న చుక్కలు ఆనవు. వేలు పెట్టి తడమడం అపశకునం. కోడలు తన మనసు కష్టపెట్టలేక అబద్ధమాడుతోందేమోనని ముసలామెకు ఒకటే పీకులాట.

అందుకే ఒనొదేరా కెమెరాల కొట్టుకు వెళ్ళింది.

"తిండిని బాగా దగ్గర్నుంచి ఫొటో తీసేది కావాలి. నాలాంటి మొద్దు కూడా వాడగలగాలి."

"వంటల పోటీకా మామ్మగారూ?"

"నీ పెళ్ళి విందుకు. ముందు నీకు పిల్లనిచ్చేవాడు దొరకాలిగా!"

ఒనొదేరా నవ్వుతూ బరువైన కెమెరాలన్నీ పక్కకు నెట్టి, అరచేతిలో పట్టేది ఒకటి తీశాడు. "ఈ పువ్వు గుర్తు నొక్కండి. జానెడు దూరంలో పెట్టి, ఊపిరి బిగబట్టి, ఇది నొక్కండి. ఈ చక్రం తిప్పితే బొమ్మ పెద్దదవుద్ది. బియ్యపు గింజ గుమ్మడికాయంత కనబడుద్ది."

మర్నాడు మధ్యాహ్నం చిగుసా బట్టలారేయడానికి పెరట్లోకి వెళ్ళింది. రియోసుకే కూర్చునే ఖాళీ దిండు ముందు పళ్ళెంలో అన్నం, కాల్చిన చేప, ముల్లంగి ఊరగాయ, మూతపెట్టిన చారు. కినుయే మూత తీసి, వెల్లకిలా తిప్పి ఫొటో తీసింది. చక్రం తిప్పింది.

చుక్కలు! మూత నిండా చుక్కలు. బంగారంలాంటి పిల్లను అనుమానించానే అని తనను తానే తిట్టుకుంది. కళ్ళు తుడుచుకుని, ఆశ తీరక చక్రం ఇంకా తిప్పింది.

ప్రతి చుక్కలోనూ గది తలకిందులుగా ఉంది. కిటికీ ఉంది. కెమెరా పట్టుకుని వంగిన తనుంది. పళ్ళెం ముందు దిండు మీద తల వంచుకుని ఒక మనిషి ఉన్నాడు.

తలెత్తి చూసింది. దిండు ఖాళీగానే ఉంది. పెరట్లో తడిబట్టలు దులుపుతున్న చప్పుడు. ఇంకో ఫొటో తీసింది. ఈసారి ఆ మనిషి గిన్నె ఎత్తి నోటికి ఆనించుకున్నాడు. జుట్టు నుదుటికి అతుక్కుపోయి నీళ్ళు కారుతున్నాయి. గిన్నెలోకి తల దూర్చేసే ఆ తీరు, చిన్నప్పటి నుంచి ఎన్ని తిట్లు తిన్నా మారని తీరు, రియోసుకేదే.

కన్నకొడుకే అయినా ఆమెకు భయం వేసింది. భయపడినందుకు సిగ్గుపడింది.

"అత్తయ్యా, ఇవాళ పట్టిందా?" చిగుసా ఖాళీ బుట్టతో లోపలికి వచ్చింది.

"పట్టిందమ్మా. నిండా పట్టింది."

"నేను చెప్పలేదూ! ఏదీ, ఆ ఫొటో చూడనివ్వండి."

"ఏం చూస్తావ్, అంతా మసకే. పువ్వు గుర్తు నొక్కడం మర్చిపోయాను." కినుయే కెమెరాను ఒళ్ళో దాచుకుంది.

"పోనీలెండి. పట్టింది కదా, అది చాలు." చిగుసా మొహం విప్పారింది. రోజూలాగే ఆ భోజనం తను తినేయడానికి పళ్ళెం ముందు కూర్చుని, చారు గిన్నె అందుకుంది.

కినుయే చటుక్కున ఆమె చెయ్యి పట్టుకుంది.

"తియ్యకే! వాడింకా తింటున్నాడు."

చిగుసా అత్తయ్య మొహంలోకి చూసింది. తర్వాత గిన్నెను, తొణక్కుండా, తీసినచోటే పెట్టేసింది.