ఎడమ వెనక చక్రం కింద నలభై గ్రాములు

ఆదివారం వచ్చిందంటే గ్రాముగారి ఇంట్లో కాఫీ కన్నా ముందు భోజనాల బల్ల మీదికి నాలుగు చిన్న కాటాలు వచ్చేవి. వాటి మీద బగ్గీని, అంటే రిమోట్‌తో నడిచే బుల్లి రేసు కారుని నిలబెట్టి, ఏ చక్రం మీద ఎంత బరువు పడుతోందో ఆయన కాగితం మీద రాసుకునేవాడు. ఆయన ఉద్యోగం అంగళ్ళలో కాటాలు తనిఖీ చేయడం. ఇరవై ఏళ్ళుగా పళ్ళెం కింద అయస్కాంతాలూ, పళ్ళెం అంచున బొటనవేళ్ళూ పట్టుకుని పట్టుకుని, ఎవరైనా జేబులో చెయ్యి పెట్టుకున్నా తేడాగా చూసే స్థితికి వచ్చాడు. రేసుల క్లబ్బులో గ్రాముగారు అని పిలిచి పిలిచి ఆయన అసలు పేరు ఎప్పుడో మరిచిపోయారు.

బగ్గీని సరిచేసేది ఆయన, నడిపేది ఆయన భార్య. డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెప్తుంది కాబట్టి ఆవిడ క్లబ్బుకంతటికీ పంతులమ్మ.

ఈమధ్య బగ్గీ కుడి మలుపులో తోక విసిరి ఎడమ గోడకి కొట్టుకుంటోంది. ఆయన వెనక స్ప్రింగులు మార్చాడు. షాక్ అబ్జార్బర్లలో చిక్కటి ఆయిల్ పోశాడు. చక్రాల వాలు ఒక డిగ్రీ తగ్గించాడు. ఏం చేసినా ఎడమ వెనక చక్రం కింద నలభై గ్రాములు ఎక్కువే. చివరికి విసుగొచ్చి బండిని ఒక్క మర కూడా మిగల్చకుండా విప్పేసి, ఒక్కో ముక్కనీ విడిగా తూచి కూడాడు. లెక్క సరిపోయింది. బిగించి తూస్తే మళ్ళీ నలభై ఎక్కువ.

దాంతో ఆయనకి విషయం అర్థమైంది. బగ్గీని ముట్టుకునే మనిషి ఏదైనా నిజం దాచుకుంటే ఆ దాచింది బరువై బండిలో కూర్చుంటుందని క్లబ్బులో అందరికీ తెలుసు. ఎవరి దగ్గర దాచారో వాళ్ళకే చెప్పేస్తే దిగిపోతుంది. రేసుకి ముందు క్లబ్బు షెడ్డులో సగం మంది ఫోన్లు చెవికి ఆనించుకుని తిరుగుతుండేది అందుకే. మొన్నటికి మొన్న క్లబ్బులోనే ఉన్న బేకరీ యజమాని, "అమ్మా, నీ కుట్టుమిషను మీద కాఫీ ఒలకబోసింది పిల్లి కాదు, నేనే" అని చెప్పి పదకొండు గ్రాములు దించుకున్నాడు.

బగ్గీని ముట్టుకునేది ఇద్దరే. తను దాచింది ఏమీ లేదు. మిగిలింది ఆవిడ.

అనుమానం పుట్టాక ఆధారాలకి కొదవేముంది? ఆవిడ నెల నుంచీ స్కూటర్ తీయడం లేదు. బెల్టు తెగిందంటుంది. ఆయన వెళ్ళి చూస్తే బెల్టు నిక్షేపంలా ఉంది. నడిచేటప్పుడు ఆయన్ని తన ఎడమ పక్కకి లాగుతోంది. ఎందుకని అడిగితే "ఎండ" అంది. సాయంత్రం ఏడింటికి ఎండేమిటి? పైగా బేకరీ యజమాని బగ్గీకి అచ్చం తమ బండికున్న పసుపు స్ప్రింగులే వచ్చాయి. "పంతులమ్మగారు మా బండి నడిపితే ఒక్క ఆదివారమైనా కప్పు మా ఇంటికి వస్తుంది" అని అతను పకపకా నవ్వాడు కూడా. నవ్వులో నిజం ఉంటుందని ఆయన నమ్మకం. ఇవాళ బండి మారుతుంది, రేపు ఇల్లు మారుతుంది. ఆ ఆలోచన వచ్చాక ఆయనకి అన్నం సయించలేదు. ఆవిడ తనని వదిలి వెళ్ళిపోతుందేమోనని నిజంగానే భయపడ్డాడు.

మంగళవారం డ్రైవింగ్ స్కూలుకి ఫోన్ చేశాడు.

"మేడమ్ మంగళవారం, శుక్రవారం రావడం లేదండి. రోడ్డు క్లాసులు మానేసి నెలైంది. మిగతా రోజుల్లో గుర్తులూ రూల్సూ చెప్తున్నారు. మీకు తెలీదా?" అంది అటువైపు అమ్మాయి.

"తెలుసు తెలుసు" అని పెట్టేశాడు.

గురువారం ఆవిడ పక్క ఊళ్ళో ఉన్న చెల్లెలింటికి బయల్దేరింది. చెప్పులు వేసుకుంటుండగా ఆయన వంటింట్లో నిలబడి ఆవిడ సంచి గాలించాడు. ఒక దువ్వెన, ఆరు బస్సు టికెట్లు. ఆరూ ఊరి చివరి స్టాపులకే, ఒక్కోటి ఒక్కో దిక్కు.

శనివారం పొద్దున బగ్గీని తూస్తే ఎడమ వెనక చక్రం కింద యాభై రెండు గ్రాములు ఎక్కువ చూపించింది.

'పెరిగింది!' అనుకున్నాడు, దొంగని పట్టుకున్న ఉత్సాహంతో. కాగితం మీద తేదీ వేస్తుంటే పెన్ను ఆగిపోయింది. ఆవిడ ఊరెళ్ళి రెండు రోజులైంది. వెళ్ళేముందు తూచినప్పుడు నలభైయే. ఈ రెండు రోజులూ బండిని ముట్టుకున్నది ఒక్కడే మనిషి. తేలు కుట్టిన దొంగలా కుర్చీలో కూలబడ్డాడు.

ఆదివారం ఆ సీజన్‌కి ఆఖరి రేసు. ఆవిడ చెల్లెలింటి నుంచి నేరుగా షెడ్డుకి వచ్చింది. చుట్టూ ఎవరి గొడవలో వాళ్ళున్నారు. ఆయన బగ్గీని కాటాల మీద పెట్టి, తల ఎత్తకుండానే మొదలుపెట్టాడు.

"నీకు ఒకటి చెప్పాలి. మీ స్కూలుకి ఫోన్ చేశాను. నీ సంచి కూడా వెతికాను."

ఎక్కువున్న బరువు యాభై రెండు నుంచి నలభైకి దిగింది. ఆవిడ కాటా వైపు చూసింది, తర్వాత ఆయన వైపు చూసింది.

"ఏం దొరికింది?"

"టికెట్లు. ఎవరి కోసం తిరుగుతున్నావో చెప్పెయ్యి. నేను తట్టుకుంటాను." గొంతు మాత్రం తట్టుకునేలా లేదు.

"ఎవరి కోసం అనుకున్నారు?"

"బేకరీ."

ఆవిడకి నవ్వొచ్చింది, వెంటనే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఎడమ వైపు నుంచి ఏమొచ్చినా మీద పడేదాకా నాకు కనిపించడం లేదండీ. నెల కింద ఒక ముసలాయన నా కారు ముందు నుంచి తప్పుకున్నాడు. నేను తప్పించలేదు, ఆయనే తప్పుకున్నాడు. ఆ రోజే రోడ్డు క్లాసులు మానేశాను. డాక్టరు దగ్గరికి వెళ్తే లైసెన్సు తీసేస్తారు, మీరు ఈ రిమోట్ తీసేస్తారు. రేపు ఏమీ నడపలేనప్పుడు ఎలా తిరగాలో తెలియాలి కదా? అందుకే ఏ బస్సు ఎక్కడికి పోతుందో ఎక్కి నేర్చుకుంటున్నాను."

ఎడమ వెనక చక్రం కింద బరువు మిగతా వాటితో సమానమైంది. ఆయన మాత్రం కాటా వైపు చూడలేదు. ఊళ్ళో ప్రతి అంగడివాడి బొటనవేలినీ కనిపెట్టిన తను, పక్కన నడిచే మనిషి తడబాటుని కనిపెట్టలేకపోయాడు. ఆయనకి అందరి ముందూ ఏడుపొచ్చింది, ఏడ్చాడు కూడా.

రేసుకి ఇద్దరూ నిలబడలేదు. నేరుగా కంటి ఆసుపత్రికి వెళ్ళారు.

"ఎడమ కంటి లోపల ఒత్తిడి పెరిగిపోయింది. పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నది నిలబెట్టవచ్చు. ఇంకో ఆర్నెల్లు దాచుంటే నిలబెట్టడానికి ఏమీ ఉండేది కాదు. ఎవరు పట్టుకొచ్చారమ్మా నిన్ను?" అంది డాక్టరు.

"మా బగ్గీ" అంది ఆవిడ. డాక్టరు తలూపి చుక్కల మందు రాసింది.

కొత్త సీజన్ మొదటి రేసుకి పంతులమ్మ మళ్ళీ రిమోట్ పట్టుకుని నిలబడింది. ఈసారి ఆయన ఎడమ పక్కన నిలబడ్డాడు. ఆవిడకి కనిపించని వైపు ఏ బండి వస్తోందో, గోడ ఎంత దూరంలో ఉందో చెప్పడం ఆయన పని. జీవితంలో ఎవరి మాటా తూచకుండా తీసుకోని మనిషి, తన మాట ఆవిడ తూచకుండా తీసుకుంటుందా అనుకుంటూ ట్రాక్ మీదే కళ్ళు పెట్టాడు.

కుడి మలుపు దగ్గర పడింది. ఎడమ నుంచి ఇంకో బగ్గీ దూసుకొస్తోంది.

"ఆగు, ఆగు... ఇప్పుడు తిప్పు" అన్నాడు.

ఆవిడ తల తిప్పి చూసుకోకుండానే తిప్పింది.