సౌనా తలుపు గుర్తుపట్టని సంతకం

శనివారం సాయంత్రం సౌనాలో ఆవిరి స్నానానికి గంటసేపు వంతు ఉన్న ఆడదాన్ని ఆపగలిగేది ఈ తంపెరే ఊళ్ళో ఏదీ లేదు. తువ్వాలు భుజాన వేసుకుని, బీరు సీసా చంకలో పెట్టుకుని మా అపార్ట్‌మెంటు పెరట్లోకి దిగాను. సౌనా గది ముందు మంచులో ఇద్దరు మగాళ్ళు నిలబడి ఉన్నారు. నడుముకు చుట్టుకున్న తువ్వాలు తప్ప ఒంటిమీద నూలుపోగు లేదు. వేడెక్కాక బయటికొచ్చి చల్లబడటం అందరూ చేసేదే. కానీ వీళ్ళ ఒంటిమీది ఆవిరి ఆరిపోయి పళ్ళు టకటకలాడుతున్నా లోపలికి వెళ్ళడం లేదు.

ఒకడు టూరే. ఆఫీసులో నా పక్క బల్ల, ఇక్కడ నా పై అంతస్తు. రెండో ఆయన వాడికి కాబోయే మామగారు అర్మాస్. గూడ్సు రైళ్ళు నడిపి రిటైరైన మనిషి, నోట్లోంచి మాట రావాలంటే ముహూర్తం చూసుకోవాలి. ఆయన కూతురు లూమీతో పెళ్ళి, ఆయనకున్న సరస్సు ఒడ్డు కుటీరంలోనే జరగాలని టూరే ఆశ. "ముందు కలిసి సౌనాలో కూర్చుందాం. తర్వాత చెప్తా," అన్నాడట ఆయన. వారం రోజులుగా వాడు ఇదే పాటతో నా బుర్ర తినేశాడు.

"నా తప్పేం లేదు మామగారూ, పాసులిచ్చేవాళ్ళే ఏదో కెలికారు," అంటున్నాడు టూరే, ఫోన్‌ని తలుపు మీది తాళం పెట్టెకు రుద్దుతూ.

పాసులిచ్చేది నేనే! నాకు ఒళ్ళు మండిపోయింది.

ఈ తాళం మా కంపెనీ తయారుచేసిందే. తాళంచెవి బదులు ఫోన్‌లో పాసు ఉంటుంది. దాని మీద నా సర్వరు రహస్య కీతో సంతకం పెడుతుంది. ఆ సంతకం అసలుదా, దొంగదా అని సరిచూసుకోవడానికి దానికి జోడీ అయిన పబ్లిక్ కీలను నెట్‌లో అందరికీ కనబడే ఒక చిరునామాలో ఉంచుతాను. భద్రత కోసం కీలు మారుతూ ఉంటాయి. పాసు మీద తెలియని కీ పేరు కనబడితే తలుపు ఆ చిరునామాకు వెళ్ళి కొత్తది తెచ్చుకోవాలి, అంతే. తలుపు పని టూరేది.

"ఏరా, ఎవరు కెలికింది?" అన్నాను.

వాడి మొహం మంచుకంటే తెల్లబడింది. "హిల్కా! దేవతలా వచ్చావు. చల్లబడదామని బయటికొచ్చాం, తలుపు దానంతటదే మూసుకుపోయింది. బట్టలన్నీ లోపలే ఉన్నాయి. ఇంతలో నా పాసు గడువు తీరి కొత్తది వచ్చింది, దాన్ని ఇది ఒప్పుకోవట్లేదు."

"కీ ఇవాళే మారింది. ఆ చిరునామాకు వెళ్ళి తెచ్చుకోమని తలుపుకు చెప్పావా, లేదా?"

వాడు కాలివేళ్ళతో మంచును కెలికాడు.

అర్మాస్ మొదటిసారి నోరు విప్పాడు. "ఇంతకీ తప్పెవరిది?"

చెప్పడానికి నా నాలుక దురద పెట్టింది. అయినా పంటి బిగువున ఆపుకున్నాను. కుటీరం కావలసింది వాడికి, నోరు విప్పాల్సిందీ వాడే. టూరే నన్ను చూశాడు, ఆయన్ని చూశాడు.

"నాదే మామగారూ. పాత కీని ఒకసారి చూసి తలుపులోనే రాసిపడేశాను. ప్రతిసారీ వెళ్ళి చూసుకోవాలని పాసులిచ్చే ఈ హిల్కా మొత్తుకుంది. కీ ఎక్కడికి పోతుందిలే, సోమవారం చేద్దాం అనుకున్నా. ఎన్ని సోమవారాలు పోయాయో. ఇందాక ఆ నింద ఈమె మీద వేసింది కూడా నేనే."

"నిన్న సిగ్నల్ పచ్చగా ఉంది కదాని ఇవాళ చూడకుండా బండి పోనిస్తావా?" అన్నాడు అర్మాస్.

టూరే తువ్వాలు బిగించుకున్నాడు. పాపం, ఇక పెళ్ళి ఏ రిజిస్ట్రారు ఆఫీసులోనో అయిపోయిందనే అనుకున్నాను.

"మెట్ల దగ్గర వెచ్చగా ఉంటుంది, రండి పెద్దాయనా," అన్నాను.

"సౌనాకొచ్చినవాణ్ణి మెట్ల మీద కూర్చోనా?" అని ఆయన కదలలేదు. మొండిఘటం!

నా పాసు కీ మారకముందు పొద్దుటే తీసుకున్నది, దాని మీది పాత కీ సంతకం ఇంకా చెల్లుతుంది. వంతు వేళకే పాసు పనిచేస్తుంది కాబట్టి, ఆరు కొట్టి నా వంతు మొదలవగానే తలుపుకు ఫోన్ ఆనించాను. తలుపు కిర్రుమంది. టూరే లోపలికి దూకాడు. అర్మాస్ మాత్రం పెదాలు నీలంగా ఉన్నా గడప దగ్గరే ఆగిపోయాడు.

"ఇప్పుడు నీ వంతు కదమ్మా. బట్టలు తీసుకుని పోతాం."

"కాసేపు కూర్చోండి, ఫరవాలేదు."

"వంతంటే వంతే."

ఆయన వణుకుతూనే చొక్కా బొత్తాలు పెట్టుకున్నాడు. టూరే ఒక కాలికి మేజోడు వేసుకుని, రెండోది చేత్తో పట్టుకునే గుమ్మం దాటాడు.

"ఎక్కడికి?" అన్నాడు అర్మాస్.

"పైకి మామగారూ. ఏడింటికి అపార్ట్‌మెంటు సంఘం అధ్యక్షురాలి వంతు, ఆవిడ కొత్త పాసుతో దిగేలోపు తలుపును సరిచెయ్యాలి."

"ఆగు. మా కుటీరం సౌనాకు తాళం లేదు. ఒక మేకు, దానికో తాడు. మధ్యవేసవికి వచ్చి అక్కడే పెళ్ళి చేసుకోండి. గడ్డకట్టే చలిలో నిలబడి తప్పు నాదేనన్నావు, నాకది చాలు."

టూరే చేతిలోంచి మేజోడు మంచులో పడింది.

అర్మాస్ నా వైపు తిరిగాడు. "నువ్వూ రావాలమ్మా. వీడు మా తాడు జోలికి పోకుండా చూడ్డానికి ఒకరుండాలిగా."