బొగ్గుల గది తాళంచెవి

ప్రతిమని బొగ్గుల గదిలో పెట్టి తాళం వేసింది మీరే. చెయ్యి మేడమ్‌ది కావచ్చు. "గొప్పింటివాళ్ళు, ధూపం వేసుకుంటూ కూర్చోవడమే పని" అని రాజోలులో విమానం టిక్కెట్టు చేతిలో పెట్టిన ఏజెంటు వేసిన తాళం కూడా అదే. "ఫిర్యాదేదీ రాలేదే" అని ఫైలు మూసిన ఆఫీసరు వేసిందీ అదే. ఫోను లాక్కున్నాక ఫిర్యాదు ఎలా వస్తుందయ్యా? ఆ సాయంత్రం ఏం జరిగిందో వినండి.

అరబ్బు దేశం, లుసైల్‌లో విల్లా. కొత్త పొయ్యికి మసి అంటకూడదని ఊదు ధూపానికి ప్రతిమ బొగ్గులు రాజేసే పనిని మేడమ్ మెట్ల కింది సామాన్ల గదికి మార్చింది. దానికి కిటికీ లేదు. బొగ్గు పొగ హాల్లోకి రాకుండా ఇనప తలుపు కింద రబ్బరు పట్టీ కూడా కొట్టించింది. పోయిన నెల ప్రతిమ చుట్టాల ముందు ఇంటికి పంపమని ఏడ్చింది. అప్పట్నుంచీ చుట్టాలొచ్చిన రోజున ఆమెని లోపలే ఉంచి ఆ గదికి తాళం.

వంట చేసే లూర్దమ్మదీ కోనసీమే. మూడింటికి కుంపటి అందుకోబోతే ప్రతిమ కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"తల పగిలిపోతందక్కా."

"తలుపు కాడ కూకోవే."

"వీళ్ళ మర్యాద సూడక్కా. మనూళ్ళో సుట్టం లేత్తే ఉండమని సెయ్యట్టుకు లాగుతాం. వీళ్ళు ఊదు పొగేసి పంపుతారు, దోమల్ని తోలినట్టు!"

నిజమే. చివర్లో ఊదు తిప్పారంటే ఇక సెలవు తీసుకోవాలి. ఆ పొగ పట్టాక కూర్చునే చుట్టం ఆ దేశంలో లేదు.

లూర్దమ్మ పరదాలకీ దిళ్ళకీ పొగ పట్టించింది. మేడమ్ వచ్చి బొగ్గుల గదికి తాళం వేసి తాళంచెవిని తన మణికట్టుకి తగిలించుకుంది. కుంపట్లోకి తియ్యగా మిగిలిన నిప్పు ప్రతిమతోపాటు లోపలే ఉండిపోయింది.

ఐదింటికి లూర్దమ్మ తలుపు తట్టింది. పలుకు లేదు. మళ్ళీ తట్టింది. "ఏమే ప్రతిమా! ఓలమ్మో, పలకవే!" తలుపుకి చెవి ఆనించింది. చల్లటి ఇనుము తప్ప ఏమీ లేదు.

హాల్లో పన్నెండు మంది ఆడవాళ్ళు ఖర్జూరాలు నములుతూ నవ్వుకుంటున్నారు. లూర్దమ్మ మేడమ్ చెవి దగ్గర వంగింది.

"ప్రతిమ మాఫీ కలామ్, మేడమ్. మాటల్లేవు. తాళం ఇయ్యండి."

మేడమ్ నవ్వు చెదరనివ్వకుండానే ఆమె మోచెయ్యి గట్టిగా గిల్లింది. "బాదేన్." తర్వాత.

తర్వాతంటే ఎప్పుడు? భోజనాలయ్యాక! ఫోన్లు బీరువాలో ఉన్నాయి. ఇంట్లో మగదిక్కు లేదు. అరిస్తే తననీ ఏదో గదిలోకి తోసి గడియ పెడతారు, ఇక ఇద్దరికీ దిక్కుండదు. వంటింట్లో కాళ్ళు కాలిన పిల్లిలా తిరుగుతుంటే ప్రతిమ వెక్కిరింత గుర్తొచ్చింది. దోమలు!

బొగ్గుముక్కని ఆ కొత్త పొయ్యి మంట మీదే పెట్టింది. మసి పడితే పడనీ. రాజుకోగానే దాన్ని కుంపట్లో వేసి, మేడమ్ దాచుకున్న ఊదు చెక్కల డబ్బా తెరిచి గుప్పెడు పైన వేసింది. రెండో కాఫీ ఇంకా పొయ్యనే లేదు, కుంపటి తీసుకెళ్ళి అందరికన్నా పెద్దావిడ ముందు పెట్టింది.

మాటలు ఆగిపోయాయి. పెద్దావిడ మేడమ్ వంక చూసింది, పొమ్మంటున్నావా అన్నట్టు. ముసుగులోకి పొగ పట్టించుకుని లేచింది. ఆమె వెనకే పదకొండు మందీ లేచారు. మేడమ్ ముఖంలో నెత్తుటి చుక్క లేదు. ఊదు వచ్చాక కూర్చోమని ఎలా అంటుంది?

గుమ్మంలో ముద్దులు, మళ్ళీ ముద్దులు. 'యల్లా తల్లీ, కదులు' అని లూర్దమ్మ లోలోపల గింజుకుంది.

ఆఖరావిడ గడప దాటగానే లూర్దమ్మ చెంప మీద మేడమ్ దెబ్బ పడింది. ఆ చేతినే పట్టుకుని లూర్దమ్మ తాళంచెవి గుంజుకుంది.

తాళం తీస్తే ప్రతిమ తలుపు దగ్గరే బోర్లా పడి ఉంది. గోళ్ళతో రబ్బరు పట్టీని జానెడు పీకి, ఆ సందులో ముక్కు పెట్టింది. ఆ జానెడే ఆమె ప్రాణం నిలబెట్టింది. లూర్దమ్మ ఆమెని వాకిట్లోకి ఈడ్చి గుండె మీద చెవి పెట్టింది. ఊపిరి దారంలా ఆడుతోంది.

మేడమ్ అడ్డంగా చేతులూపింది. "అంబులెన్స్ లా, వద్దు! పోలీస్ వస్తారు. నీళ్ళు, నీళ్ళు!"

గేటు తెరిచే ఉంది. ఆఖరావిడ కారు ఇంకా మలుపు తిరుగుతోంది. లూర్దమ్మ గేటు మధ్యకెళ్ళి నిలబడి తెలుగులోనే అరిచింది.

"పిలుత్తావా, ఆ కారుకి అడ్డం పడనా? అంబులెన్స్ పిలు! మా ఫోన్లూ, పాస్‌పోర్టులూ తెచ్చి ఈ గుమ్మంలో పడెయ్! ఆ గది తలుపు ఊడపీకించు! ఇప్పుడే. తర్వాతా గిర్వాతా లేదు, బాదేన్ మాఫీ!"